ఈక రంగు ఒక్కటే సాక్ష్యమా?



కోళ్ళ దొడ్డిపై ఒక నీడ పడగానే "అదిగో గద్ద!" అను కేక లేచుట మన పల్లెలలో ప్రతి ఇంటికిని తెలిసినదే. తల్లికోడి రెక్కలు విప్పి పిల్లలను దగ్గరకు తీసికొనును. పిల్లవాడు రాయి తీయును. పెద్దవాడు వడిసెల వెదకును. పైన ఎగిరినది ఏ పక్షి, అది ఏమి తిని బ్రతుకును, అది వచ్చినది కోడిపిల్ల కొరకా లేక గడ్డివాములోని ఎలుక కొరకా అని విచారించు తీరిక ఎవరికిని ఉండదు. ముక్కు వంకరగా ఉన్నది, గోళ్ళు వాడిగా ఉన్నవి, ఈకలు గోధుమ వన్నెగా ఉన్నవి. శిక్ష వేయుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదని మనము అనుకొందుము.

ఆ సాక్ష్యము చాలదు. ముఖ్యముగా ఈక రంగును నమ్మి పక్షికి పేరు పెట్టుటయు, ఆ పేరును బట్టి దానిని చంపుటయు రైతుకే నష్టము. డేగల వంశములను గూర్చి, వాటి ఈకలలోని మార్పులను గూర్చి నేడు శాస్త్రజ్ఞులు కనుగొన్న విషయములు ఈ మాటనే బలపరచుచున్నవి. ఇవి పట్టణములలోని పండితులకే పరిమితము కాదగిన సంగతులు కావు. పొలము గట్టున నిలిచి ఆకాశము చూచు వానికే వీటి అవసరము ఎక్కువ.

కోళ్ళగూటిలోని పాఠము

మొదట మన ఇంటిలోని పాఠమునే చదువుకొందము. పుంజులకు రంగును బట్టి పేర్లు పెట్టుట మనకు పూర్వమునుండి ఉన్నది. ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ. ఇవి గాక నెమలి, పర్ల, కౌజు, పింగళ అని ఇంకెన్నో పేర్లు గలవు. అయినను డేగ పుంజు ఒక జాతి, కాకి పుంజు మరియొక జాతి అని ఏ రైతును అనడు. ఒక్క పెట్ట పొదిగిన పిల్లలలో నల్లది, గోధుమది, మచ్చలది కలిసి తిరుగుచుండగా నిత్యము చూచుచునే ఉన్నాము.

దీనికి కారణము నేడు బాగుగా తెలియును. ప్రతి జీవి కణములోను తల్లిదండ్రులనుండి సంక్రమించిన జన్యువులు వేలకొలది ఉండును. వాటిలో కొన్ని మాత్రమే ఈకలలో నలుపు, గోధుమ వన్నెల పాళ్ళను నిర్ణయించును. కోడిలో నలుపు వ్యాపించుటకు ముఖ్యమైన ఒక జన్యువును శాస్త్రజ్ఞులు గుర్తించినారు. అందులో చిన్న మార్పు కలిగినంత మాత్రమున పక్షి రూపు పూర్తిగా మారినట్లు కనిపించును. తక్కిన వేల జన్యువులు మాత్రము మారవు. అది కోడియే, దాని మేత అదే, గుడ్డు అదే.

కోడి విషయమున ఇంత తెలిసిన మనము డేగ విషయమున మాత్రము రంగునే నమ్ముచున్నాము.

జాలె డేగ వేషములు

మన ఊరి చింతచెట్లలోను, తోపులలోను, ఊరి అంచుల తుమ్మలపైనను ఉండు చిన్న డేగను జాలె డేగ అందురు. ఇంగ్లీషు పుస్తకములలో దీని పేరు షిక్రా. పావురమంత పక్షి. పెద్దదైన మగపక్షికి వీపు బూడిద వన్నె, రొమ్మున తెలుపుపై సన్నని ఎర్రగోధుమ అడ్డచారలు, గొంతు నడుమ ఒక నిలువు గీత, కన్ను ఎరుపు ఉండును. ఆడపక్షి మగదానికంటె పెద్దది. దాని వీపు రంగులో గోధుమ ఛాయ కలిసియుండును, కన్ను పసుపు. ఇక ఆ సంవత్సరము పుట్టిన పిల్ల డేగను చూచినచో అది వేరు పక్షియే అనిపించును. వీపు గోధుమ రంగు, రొమ్మున అడ్డచారలకు బదులు నిలువుగా జారిన గోధుమ చుక్కలు, గీతలు ఉండును. ఈకలు రాల్చి కొత్త ఈకలు తొడిగిన తరువాత అదే పక్షి తల్లిదండ్రుల రూపునకు వచ్చును.

ఒక్క గూటిలోని కుటుంబమే ఈ విధముగా మూడు వేషములలో కనిపించుచున్నది. ఊరిలో మూడు రకముల డేగలు చేరినవని భయపడువారు తరచు చూచునది ఈ ఒక్క కుటుంబమునే.

వయస్సును, ఆడమగ తేడాను దాటి మరియొక మార్పు గలదు. అది ప్రదేశమును బట్టి వచ్చునది. సింహళములోను, మన దేశపు నైరుతి తీరమునను ఉండు జాలె డేగ కొంచెము చిన్నది, రంగు ముదురు. మన మైదానములలోని దానికి రంగు తేలిక. వాయవ్యమున మధ్య ఆసియా వైపు పోవుకొలది పక్షి ఇంకను లేత వన్నెది, పరిమాణమున పెద్దది అగును. ఈశాన్యమున బర్మా వైపు పక్షికి గొంతు నడిమి గీత ఉండదు. ఇట్లు ఒక జాతియే వేరువేరు ప్రదేశములలో చాలాకాలము నివసించి, అక్కడి వాతావరణమునకు తగినట్లు చిన్న చిన్న తేడాలు సంతరించుకొన్నప్పుడు ఆ వర్గములను ఉపజాతులు అందురు. సరిహద్దులలో అవి కలిసి పిల్లలను కనగలవు. తేమ ఎక్కువగా గల చోట ఈకలు ముదురుగాను, ఎండిన చోట లేతగాను ఉండుట అనేక పక్షులలో చూచినదే.

రంగును నమ్మిన శాస్త్రజ్ఞులకును ఇందులో చిక్కు తప్పలేదు. 1788లో గ్మెలిన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ డేగకు "బేడియస్" అను లాటిన్ పేరు పెట్టినాడు. దాని అర్థము ఎరుపు కలిసిన గోధుమ వన్నెది అని. పెద్దదైన మగ డేగ వీపు చూచినచో బూడిద వన్నె!

గద్ద సంగతియు ఇట్టిదే. మన ఊళ్ళపై తిరుగు మల్ల గద్దకు "గోవింద" అను ఉపజాతి నామము గలదు. 1832లో సైక్స్ అను సైనికాధికారి దక్కను పక్షులను వర్ణించుచు ఈ పేరు పెట్టెను. చలికాలములో దీనికంటె పెద్దదైన మరియొక ఉపజాతి ఉత్తరదేశములనుండి మన దేశమునకు వచ్చును. దాని రెక్కల క్రింద తెల్లని మచ్చ స్పష్టముగా కనిపించును. ఢిల్లీలో ఇట్టి గద్దలకు చిన్న యంత్రములు అమర్చి గమనించగా, అవి హిమాలయములకు ఆవల మూడువేల కిలోమీటర్లకు పైగా ఎగిరి మధ్య ఆసియాకు పోయి మరల వచ్చుచున్నవని తేలినది. చెత్తకుప్పపై రెండు గద్దలు ప్రక్క ప్రక్కన కూర్చుండవచ్చును. ఒకటి ఊరి పక్షి, మరియొకటి పర్వతములు దాటి వచ్చిన అతిథి. అయినను రెండును ఒక జాతివే.

వేషము ఒకటి, వంశము వేరు

ఇంతవరకు రూపు వేరై జాతి ఒకటైన పక్షులను చూచితిమి. రూపు ఒకటై వంశమే వేరైన పక్షియు మన తోటలలో ఉన్నది. అది డేగ కోకిల. వీపు బూడిద వన్నె, రొమ్మున చారలు, తోకపై అడ్డపట్టెలు, రెండు మూడు సార్లు రెక్కలు కొట్టి జారుచు పోవు నడక అన్నియు జాలె డేగవే. చిన్న పిట్టలు దానిని చూచి డేగయే అనుకొని చెదరిపోవును. కాని అది కోకిల కుటుంబమునకు చెందినది. ముక్కు వంకర కాదు, కాళ్ళకు వేటగోళ్ళు లేవు. నేలపై గుంపులుగా గెంతుచు గోలచేయు బూడిదరంగు పిట్టల గూళ్ళలో ఇది గుడ్లు పెట్టును. ఎండకాలములోను, తొలకరి ముందును రాత్రింబగళ్ళు స్వరము పెంచుకొనుచు అరచునది ఇదే.

ఇది తినునది ముఖ్యముగా పురుగులను. ఇతర పక్షులు ముట్టని బొచ్చు గొంగళిపురుగులను సహితము ఇది మ్రింగును. వేరుసెనగ పొలమున గొంగళిపురుగు పడి ఆకంతయు జల్లెడ యగుచున్నప్పుడు, డేగ అనుకొని ఈ పక్షిని రాతితో కొట్టిన రైతు తన కూలివానినే కొట్టినవాడగును. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకొనరాదని పెద్దలు చెప్పినది ఇందులకే.

రక్తసంబంధమును చదువుట

రంగు చెప్పని బంధుత్వమును ఎట్లు తెలిసికొనుట? పూర్వము మ్యూజియములలో చర్మములను వరుసగా పేర్చి, రెక్క పొడవు, కాలి పొడవు, ఈక రంగు సరిచూచి నిర్ణయించెడివారు. నేడు ఒక ఈక మొదలు, ఒక రక్తపు బొట్టు ఉన్నచో చాలును. అందలి జన్యుపదార్థమును అక్షరక్రమమువలె చదివి, రెండు పక్షుల క్రమములలో ఎన్ని తేడాలున్నవో లెక్కింతురు. తేడాలు తక్కువైనచో అవి ఇటీవల విడిపోయిన దాయాదులు. ఎక్కువైనచో ఎన్నో తరముల క్రిందటనే విడిపోయినవి. కరణముల కాలమునుండి భూమి తగాదాలలో వంశవృక్షము వ్రాసి వాటా తేల్చుట మనకు తెలిసినదే. ఇదియు అటువంటి లెక్కయే.

ఈ లెక్కలో ఆశ్చర్యకరమైన సంగతులు బయటపడినవి. డేగలలో దాదాపు 50 జాతులను చాలాకాలము "ఎక్సిపిటర్" అను ఒకే ప్రజాతి క్రింద చేర్చియుండిరి. జన్యువులు చదివిన తరువాత వారందరు ఒక ఇంటివారు కారని తెలిసినది. మన పొలములపై తక్కువ ఎత్తున తేలుచు పోవు పిల్లి గద్దలు చూపునకు ఈ డేగలను పోలవు. వాటి రెక్కలు పొడవు, నడక నెమ్మది. అయినను వంశవృక్షములో అవి ఈ డేగల కొమ్మల నడుమనే మొలచినవని తేలినది. అందుచేత 2024లో పాత ప్రజాతిని విడదీసి జాలె డేగను "టాకిస్పైజా" అను వేరు ప్రజాతిలో చేర్చినారు. అంతకు ముందు 2023లో ఉత్తర దేశముల పెద్ద డేగను, ఒకే జాతిగా ఎంచబడుచుండిన దానిని, యూరప్ ఆసియాలది ఒకటి, అమెరికాది ఒకటి అని రెండు జాతులుగా అమెరికా పక్షిశాస్త్రజ్ఞుల సంఘము విభజించినది.

పిల్లి గద్దల మాట వచ్చినది గనుక ఒక విషయము. ఇవి చలికాలములో మన గడ్డి మైదానములకు వచ్చును. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు పచ్చికలు వీటికి పేరుపడిన చోటు. వీటిలో కొన్ని జాతుల మగపక్షి లేత బూడిద రంగు, ఆడపక్షి గోధుమ రంగు. జంటను చూచి రెండు జాతులని అనుకొనుట సహజము. మిడుతలు, చిట్టెలుకలు వీటి మేత. కోళ్ళ దొడ్డితో వీటికి పనియే లేదు.

నలుపు తెలుపుల లెక్క

ఒకే జాతిలో నల్లవి, తెల్లవి రెండును తరతరములుగా ఎందుకు నిలిచియుండును? దక్షిణాఫ్రికాలోని నల్ల పిచ్చుకడేగ దీనికి మంచి ఉదాహరణము. వీటిలో రొమ్ము తెల్లగా ఉండునవి కొన్ని, ఒళ్ళంతయు నల్లగా ఉండునవి కొన్ని. దేశపు ఈశాన్యమున తెల్లరొమ్మువి ఎక్కువ. కేప్ టౌన్ పరిసరములలో నూటికి 75కు పైగా నల్లవే. అక్కడ పిల్లలను పెంచు కాలములోనే వానలు, మబ్బులు. 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో, వెలుతురు తక్కువైనప్పుడు నల్లవి ఎక్కువ వేట తెచ్చుచున్నవనియు, ఎండ బాగుగా ఉన్నప్పుడు తెల్లవి ఎక్కువ తెచ్చుచున్నవనియు తేలినది. వేటకు లోనగు పిట్టకు మబ్బు ఆకాశమున నల్లనిది, వెలుగు ఆకాశమున తెల్లనిది తక్కువగా కనబడునని దీని భావము. మెట్టకు ఒక వంగడము, పల్లమునకు ఒక వంగడము మనము ఏరుకొన్నట్లు ప్రకృతి ఏరుకొన్నది.

అమెరికాలోని ఎర్రతోక డేగ కథ ఇంకను విచిత్రము. అలాస్కా మొదలు పనామా వరకు వ్యాపించిన ఈ పక్షికి డజనుకు పైగా ఉపజాతులు గలవు. తూర్పున రొమ్ము తెల్లనివి, పడమట ఎర్రగోధుమవి, దాదాపు నల్లనివి కూడ ఉండును. నడిమి మైదానములలో పాలిపోయినట్లు తెల్లబారినవి కలవు. పిల్ల పక్షికి ఎర్రతోకయే ఉండదు. గోధుమ తోకపై చారలుండును. ఎరుపు తరువాతి ఈకలతో వచ్చును. ఉత్తరమున అలాస్కాలోను, దాని ప్రక్కనున్న కెనడా భాగములోను పుట్టు ఒక వర్గమునకు ఎదిగిన పిదపను తోక ఎర్రబడక, తెలుపు బూడిద కలిసిన మరకలతో ఉండును. ఒళ్ళు సాధారణముగా నలుపు. ఆడుబాన్ అను ప్రసిద్ధ పక్షిచిత్రకారుడు 1829లో లూసియానాలో చిక్కిన ఇట్టి పక్షిని చూచి కొత్త జాతి అని తలచి, తన మిత్రుడగు డాక్టరు హార్లాన్ పేర హార్లాన్ డేగ అని నామకరణము చేసెను. చాలాకాలము తరువాత, 1970ల తొలినాళ్ళలో, అది ఎర్రతోక డేగలో ఒక ఉపజాతియే అని నిర్ణయించిరి. రెండు వర్గములు కలియు చోట జతకట్టి పిల్లలను పెంచుచున్నవి గదా అని ఒక వాదము. ఇంత తేడా గలవానిని ఒకటిగా ఎట్లు చేర్తురని మరియొక వాదము. ఆ తర్కము పండితులలో నేటికిని సాగుచున్నది.

పెన్సిల్వేనియా రైతులు చెల్లించిన మూల్యము

ఆ ఎర్రతోక డేగనే అమెరికా రైతులు "కోళ్ళ డేగ" అని పిలిచి చంపెడివారు. నిజమునకు ఆ ఒక్క పేరు క్రింద వారు చంపినవి ఎన్నో జాతులు, ఎన్నో ఉపజాతులు. ఇందుకు 1885 జూన్‌లో పెన్సిల్వేనియా రాష్ట్రము చట్టమునే చేసినది. డేగ గాని, గుడ్లగూబ గాని, ముంగిసవంటి వీజిల్, మింక్ జంతువులు గాని చంపి తెచ్చినవారికి తలకు 50 సెంట్లు బహుమానము. ఏ డేగ, ఏమి తినునది అని అడిగినవారు లేరు.

ఏడాదిన్నరలో ఆ రాష్ట్రము 90,000 డాలర్లు చెల్లించినది. అమెరికా వ్యవసాయశాఖలో పక్షుల విభాగమునకు అధిపతిగా ఉండిన మెరియం ఈ లెక్కను పరిశీలించెను. చంపబడిన ప్రాణులు 1,28,571 అని, వాటివలన రక్షింపబడిన కోళ్ళ విలువ 1,875 డాలర్లు మాత్రమే అని ఆయన అంచనా. చంపబడిన ప్రతి ప్రాణియు ఏడాదిన్నరలో ఎలుకలను, పురుగులను తిని రైతుకు చేయు మేలును 30 డాలర్లుగా కట్టి, మొత్తము నష్టము 39 లక్షల డాలర్లకు పైబడినదని తేల్చెను. ఒక డాలరు ఆదా చేయుటకు 2,105 డాలర్లు పోగొట్టుకొన్నారన్నమాట. తలకు 30 డాలర్లు అను అంచనా ఎక్కువ అని ఎవరైన అనవచ్చును. దానిని పదోవంతు చేసినను, వందోవంతు చేసినను, లెక్క రైతుకు వ్యతిరేకముగానే నిలుచును. ఆ చట్టము రెండేళ్ళకే రద్దయినది.

అటుపిమ్మట అదే శాఖలోని ఫిషర్ ఊహలు మాని కడుపులు కోసి చూచెను. 1893లో ప్రచురించిన ఆయన గ్రంథములో ఎర్రతోక డేగ కడుపులు 562 పరీక్షించిన వివరము గలదు. వాటిలో కోడి గాని వేటపక్షి గాని కనబడినవి 54. చిట్టెలుకలు కనబడినవి 278. ఇతర క్షీరదములు కనబడినవి 131. నూటికి పదికి లోపు తప్పునకు, సగము మంది చేసిన సేవను మరచి, జాతి జాతినే శిక్షించిరి. "కోళ్ళ డేగ" అను పేరు ఎంత అన్యాయమైనదో ఈ అంకెలు చెప్పుచున్నవి.

మన వరిచేలలో గట్లకు బొరియలు చేసి, పొట్టదశలో పిలకలు కొరికి, ఇంటికి చేరిన గాదెలోను వాటా తీసికొను ఎలుకను తలచుకొనుడు. దాని విషయమున పగలు పనిచేయు కావలివారు ఈ డేగలు, గద్దలే. ఒకచోటనే గాలిలో నిలిచి రెక్కలాడించుచు క్రిందికి చూచు తెల్లని చిన్న పక్షిని కొన్ని ప్రాంతములలో అడవి రామదాసు అందురు. చిట్టెలుకయే దానికి ముఖ్యాహారము. అట్టి పక్షిని గద్ద అను ఒక్క మాట క్రింద చేర్చి కొట్టుట ఏమి న్యాయము?

పేరు తప్పినచో ఏమగును?

"పేరు ఏదైతేనేమి, జాతి అయితేనేమి, ఉపజాతి అయితేనేమి" అనువారికి రాబందుల కథ జవాబు చెప్పును. పొడుగుముక్కు రాబందును పూర్వము ఒకే జాతిగాను, అందులో రెండు ఉపజాతులు ఉన్నట్లుగాను వ్రాసెడివారు. 2001లో వాటి ఎముకలను, రూపును మరల పరిశీలించియు, ఆ తరువాత జన్యువులను చదివియు, అవి రెండు వేరు జాతులని తేల్చినారు. ఒకటి కొండచరియలపై గూడు కట్టునది. తెలంగాణలో బెజ్జూరు ప్రాంతపు పాలరాపు గుట్టపై ఉండునది ఇదే. రెండవది ఉత్తర, ఈశాన్య భారతములలో చెట్లపై గూడు కట్టును. రెండింటిని ఒక్క లెక్కలో వేసినంతకాలము రెండవది ఎంత కొరవడినదో తెలియలేదు. అది నేడు ప్రపంచములోనే మిక్కిలి అరుదైన రాబందులలో ఒకటి. గుట్టను కాపాడినంత మాత్రమున చెట్టుపై గూడు కట్టు పక్షి బ్రతుకదు గదా.

ఆ రాబందులు 1990లలో నూటికి 90కి పైగా నశించినవి. పశువులకు నొప్పి తగ్గుటకు ఇచ్చు డైక్లోఫినాక్ మందు కళేబరము ద్వారా వాటి కడుపులో చేరుటయే కారణమని 2004లో ప్రకటింపబడినది. 2006లో పశువులకు ఆ మందు వాడుటను ప్రభుత్వము నిషేధించినది. 2023లో ఎసిక్లోఫినాక్, కీటోప్రొఫేన్ మందులను గూడ పశువైద్యములో నిషేధించినది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ లభించుచున్నది. పశువైద్యుని అడిగి దానినే వాడుడు.

కోడిపిల్లల మాట

ఇంత చెప్పినను, "మా ఇంట పోయిన కోడిపిల్లలకు జవాబేమి?" అని గృహిణులు అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్న. జాలె డేగ, మల్ల గద్ద అప్పుడప్పుడు కోడిపిల్లను తన్నుకొని పోవుట నిజము. పేదయింట ఆ పిల్లయే రేపటి గుడ్డు, ఎల్లుండి పుస్తకముల ఖర్చు. కావున నష్టమును సహించుడని ఎవరును చెప్పజాలరు. నష్టము రాకుండ చేసికొనుడని మాత్రమే మనవి.

పిల్లలు చిన్నవిగా ఉన్నన్ని వారములు వాటిని గంప క్రింద గాని, పైన వల కట్టిన దడిలోపల గాని మేపవలెను. దొడ్డిలో తలదాచుకొనుటకు రెండు మూడు గుబురు పొదలుండుట మంచిది. బయలు దొడ్డిలో పిల్లకు దాగు చోటు లేదు. గింజలు ఇంటి గడప దగ్గరనే చల్లవలెను. చచ్చిన కోళ్ళను, ప్రేగులను దొడ్డి ప్రక్క పారవేయరాదు. మల్ల గద్దకు దారి చూపునది మనము పారవేసిన ఆ చెత్తయే.

పొలములో ఎలుకలకు విషపుటెర పెట్టినప్పుడు మరునాటినుండి తిరిగి చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చవలెను. బ్రోమడియోలోన్ వంటి మందు తిన్న ఎలుకను తినినచో డేగ, గుడ్లగూబ చచ్చును. ఎలుకను చంపి, ఎలుకను చంపువానిని గూడ చంపినచో వచ్చు పంటకు ఎలుకలే మిగులును. పైరు ఎత్తునకు మించిన కర్రలను అడ్డకొయ్యతో అక్కడక్కడ పాతినచో వేటపక్షులు వాటిపై వ్రాలి పనిచేయును. దీనికి ఖర్చు లేదు.

డేగజాతి పక్షులను చంపుట, పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరమని గూడ అందరును ఎరుగవలెను. అయితే చట్టమునకు భయపడి మానుటకంటె లాభము తెలిసి మానుట మేలు.

గ్రామాధికారులకు మనవి

పంచాయతి కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు, పాఠశాలల ఉపాధ్యాయులు ఈ విషయమున చేయగలది చాల ఉన్నది. "గద్ద కోడిపిల్లను ఎత్తుకొనిపోయినది" అను మాటతో ఆగక, ఏ పక్షి, ఏ నెల, ఏ వేళ, ఎన్ని వారముల పిల్ల అని ఒక పుస్తకమున వ్రాయించుడు. రంగు వ్రాసినచో కంటి రంగు, రొమ్మున చారలు అడ్డమా నిలువా, తోక చీలినదా గుండ్రనిదా అని గూడ వ్రాయించుడు. చీలిన తోక మల్ల గద్దకు గుర్తు. అడ్డచారల రొమ్ము పెద్దదైన జాలె డేగకు, నిలువు గీతల రొమ్ము దాని పిల్లకు గుర్తు. అట్లే ఆ పక్షి ఎలుకను, తొండను, మిడుతను పట్టుట చూచిన రోజులను గూడ అదే పుస్తకమున ప్రక్క పేజీలో వ్రాయవలెను. ఒక సంవత్సరము ఈ రెండు పేజీలను గ్రామసభలో చదివినచో తీర్పు ఊరివారే చెప్పుకొందురు.

సాళువ అనగా డేగ. ఆ పేరును బిరుదుగా ధరించి విజయనగరమును ఏలిన వంశము మన చరిత్రలో ఉన్నది. రాజులు గౌరవించిన ఆ పక్షిని మనము పూజింపనక్కరలేదు. పొలములో పనిచేయు కూలివానికి ఇచ్చు న్యాయము దానికి ఇచ్చిన చాలును. కూలివానిని చొక్కా రంగు చూచి తీసివేయము, చేసిన పని చూచి మాటాడుదుము. డేగను గూడ ఈకను బట్టి గాక, గోటిలో ఏమున్నదో చూచి నిర్ణయింపుడు. పది మార్లలో తొమ్మిది మార్లు ఆ గోటిలో కనబడునది మన కోడిపిల్ల కాదు.